చిన్నపిల్లలకు ఇంటి చదువు: తల్లిదండ్రుల కూటంలో ప్రసంగం

(సంఘంలో తల్లిదండ్రుల కోసం పెట్టిన కూటంలో ఒక సహోదరి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసి పెట్టాం.)

అందరికీ ప్రభువైన యేసు నామంలో వందనాలు.

చిన్నపిల్లల్ని ఇంట్లోనే చదివించడం గురించి మాట్లాడమని పాస్టరుగారి భార్య, మన అమ్మగారు, నన్ను అడిగారు. మన సంఘంలోనే కొన్ని కుటుంబాలు ఈ ఆలోచనలో ఉన్నాయి. కొందరు ఫోన్ చేశారు, కొందరు ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి అడిగారు. ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే. "అక్కా, బడికి పంపకపోతే కేసు పెడతారా?" ఈ భయం మనసులో ఉంటే నేను ఇంకేం చెప్పినా చెవికెక్కదు. అందుకని చట్టం సంగతి ముందే చెప్పేస్తాను.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది ఆ చట్టం. కాబట్టి ఆరేళ్లు నిండని బిడ్డ విషయంలో ఈ చట్టం మీ మీద ఏ నిర్బంధమూ పెట్టలేదు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తప్పనిసరి అని అందులో లేదు. మూడేళ్ల బిడ్డ ఏడుస్తుంటే బూట్లు తొడిగి వ్యాన్ ఎక్కించాలని ఎక్కడా రాసి లేదు.

ఆరేళ్లు దాటాక మాట వేరు. ఆ చట్టంలో పదో సెక్షన్ తల్లిదండ్రుల బాధ్యత గురించి. బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్పించకపోతే మాత్రం తల్లిదండ్రులకు జైలు గానీ జరిమానా గానీ ఆ చట్టంలో లేదు. ఇంట్లో చదివించడం అన్న ప్రస్తావనే లేదు. ఒప్పుకున్నట్టూ లేదు, నేరం అన్నట్టూ లేదు. మన దేశంలో ఇంట్లో చదివించే కుటుంబాలన్నీ ఈ మధ్యలోనే నడుస్తున్నాయి. "అంతా లీగలే, ఏం పర్లేదు" అని ఎవరైనా మీకు చెబితే అది సగం నిజం. బిడ్డ చదువును సగం నిజం మీద మొదలుపెట్టకండి. ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ప్రార్థన చేసుకుని నిర్ణయించుకోండి.

ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. అదే చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. బడిలో ఎప్పుడూ చేరని బిడ్డ ఎప్పుడు వచ్చినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడి ఉంటే ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి. అంటే ఇవాళ మీరు ఇంట్లో మొదలుపెట్టి రెండేళ్ల తర్వాత బడికి పంపాలనుకుంటే తలుపు మూసుకుపోదు. రెండోది సర్టిఫికెట్. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్‌ఐఓఎస్ అంటాం, అది కేంద్ర ప్రభుత్వానిది, 1989 నుంచి ఉంది. అక్కడ మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన స్థాయిలు ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పెడుతున్నాయి. ఐదేళ్ల బిడ్డ తల్లి పదో తరగతి గురించి ఇప్పటినుంచే నిద్ర మానుకోనక్కర్లేదు. దారి ఉందని తెలిస్తే చాలు.

బయటి దేశాల్లో మన పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే. నియమాలు మాత్రం రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడి కిందే లెక్కేస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఏటా కాగితాలు ఇవ్వాలి. జర్మనీలో ఉన్నవాళ్లకు ఈ దారి దాదాపు లేదు, అక్కడ పిల్లలు బడికి వెళ్లి తీరాలి. ఉన్న చోటి చట్టం చూసుకోకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు.

చట్టం అయింది. ఇప్పుడు నేను అడుగుతాను, మీరు మనసులో జవాబు చెప్పుకోండి. ఎందుకు ఇంట్లో చదివించాలనుకుంటున్నారు?

నాకు ఎక్కువగా వినిపించే జవాబు భయం. బడిలో మనది కాని ప్రార్థన చేయిస్తారు, మనవి కాని పాటలు నేర్పిస్తారు, పక్క పిల్లల నుంచి చెడ్డమాటలు పట్టుకొస్తారు, పెద్దయ్యాక దేవుణ్ని వదిలేస్తారు. ఈ బాధను నేను తేలిగ్గా తీసుకోను. తల్లి కదా, అనిపిస్తుంది. కానీ భయంతో మొదలైన ఇంటి చదువులో బిడ్డ ముందు నేర్చుకునే పాఠం ఆ భయమే. పక్కింటి పిల్లవాణ్ని చూసి భయపడటం, గుడి మైకులో పాట వినిపిస్తే చెవులు మూసుకోవడం, కొత్త మనిషి కనబడితే అమ్మ వెనక దాక్కోవడం. వాక్యం మనకు నేర్పేది ఇది కాదు.

మోషేను చూడండి. యోకెబెదు దగ్గర ఆ బిడ్డ ఉన్నది చిన్నతనంలో కొద్దికాలమే. పాలు ఇచ్చి పెంచింది, బిడ్డ పెద్దవాడయ్యాక ఫరో కుమార్తెకు అప్పగించింది. తర్వాత అతడు ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చుకున్నాడని అపొస్తలుల కార్యములు ఏడో అధ్యాయంలో స్తెఫను చెబుతాడు. ఆ విద్యలు అతన్ని చెరపలేదు. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్యనూ భాషనూ బబులోను రాజు ఖర్చుతో చదివారు. రాజు పెట్టే భోజనం దగ్గరికొచ్చేసరికి వద్దన్నారు. వద్దనే ధైర్యం ఆ రాజు బడిలో రాలేదు, ఇంటి నుంచి వచ్చింది. కాబట్టి చిన్నతనంలో ఇంటికి పెద్ద పని ఉంది, ఆ పని ఇంకెవరూ చేయలేరు అని నమ్మితే ఇంట్లో చదివించండి. బడి అంటే సాతాను కోట అనుకుంటే మాత్రం ఆగండి, ఇంకొంచెం ప్రార్థన చేయండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మన తాతముత్తాతల్ని తలుచుకోండి. మనలో చాలామంది పూర్వీకులకు ఊరి బడిలో చోటు లేదు. మాల పల్లె పిల్లలు, మాదిగ పల్లె పిల్లలు అరుగు మీద పంతులుగారి ముందు కూర్చోవడానికి వీల్లేదు. 1842లో గుంటూరుకు హయ్యర్ అయ్యగారు వచ్చారు. 1866లో ఒంగోలుకు క్లౌ దొరగారు వచ్చారు. గోదావరి జిల్లాల్లో, నెల్లూరులో, మెదక్‌లో, నల్లగొండలో రకరకాల మిషన్ల వాళ్లు వచ్చారు. వాళ్లు పల్లెల్లో సువార్తతో పాటు బడి కూడా తెచ్చారు. చెట్టు కింద, పూరిపాకలో, రాత్రిపూట లాంతరు వెలుగులో మనవాళ్లు అక్షరాలు దిద్దారు. కూలికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, పలక పట్టుకుని కూర్చున్నారు. సువార్త వాళ్లకు చదువుతో కలిసి వచ్చింది. అలాంటి ప్రజలం మనం. బడిని చులకన చేసే హక్కు మనకు లేదు. ఇంట్లో చదివించే తల్లి బడికి పంపే తల్లికంటే భక్తిపరురాలు అనే ఆలోచన సంఘంలోకి రానివ్వకండి. వస్తే అది సంఘాన్ని చీలుస్తుంది.

మరి నేను ఇంటి చదువును ఎందుకు సమర్థిస్తాను? ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం ఏడో వచనం. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" ఈ మాటల గురించి పిల్లలతో మాట్లాడాలి. ఇంట్లో, దారిలో, పడుకునే ముందు, లేచాక. ఇప్పుడు మన పిల్లల రోజు చూడండి. ఏడున్నరకు వ్యాన్. నాలుగున్నరకు తిరిగొస్తారు. ఐదింటికి ట్యూషన్. ఏడింటికి హోంవర్క్. ఎనిమిదింటికి అన్నం, చేతిలో సెల్‌ఫోన్. తొమ్మిదింటికి నిద్ర. నాలుగేళ్ల బిడ్డ సంగతి చెబుతున్నాను. ఆ వచనంలో దేవుడు చెప్పిన నాలుగు వేళల్లో మనకు మిగిలింది ఎన్ని? బడి మంచిదే, టీచరు మంచిదే, కానీ ఈ వయసులో బిడ్డతో గడిపే వేళలన్నీ మనం వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నాం. నా బాధంతా అదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. ఆ దశలో ఆటలతో, పనులతో నేర్పాలంది, వీలైనంతవరకు ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పాలంది. ఆట, పని, మాతృభాష. ఈ మూడూ మీ వంటింట్లో, పెరట్లో ఉన్నాయి.

ఇక్కడ ఒక తల్లి గురించి చెప్పాలి. మెదక్ చర్చి మీరందరూ చూసే ఉంటారు. కరువు కాలంలో ఆ చర్చి కట్టించి జనానికి పనీ తిండీ చూపించిన పాస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు సంఘం వారు. ఆ సంఘం ఎవరి పేరు మీద ఉందో ఆ జాన్ వెస్లీ తల్లి సుసన్నా. 1669లో ఇంగ్లండులో పుట్టింది, ఎప్‌వర్త్ అనే ఊళ్లో పాస్టరుగారి భార్యగా బతికింది. 19 మంది పిల్లల్ని కంది. వాళ్లలో దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. అప్పులు, జబ్బులు, 1709లో ఇల్లు కాలిపోయింది. ఆ మంటల్లోంచి ఐదేళ్ల జాన్‌ను కిటికీలోంచి బయటికి లాగారు. ఆ కష్టాల మధ్యే ఆమె పిల్లలందరికీ ఇంట్లో చదువు చెప్పింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. బిడ్డకు ఐదేళ్లు నిండేదాకా అక్షరం చెప్పేది కాదు. నిండిన మర్నాడు కూర్చోబెట్టేది. అక్షరాలు వచ్చాక మొదటి వాచకం ఆదికాండము మొదటి అధ్యాయమే.

ఆమె తన పద్ధతిని 1732లో జాన్‌కు ఉత్తరంగా రాసింది. అందులో ఒక నియమం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఆడపిల్ల బాగా చదవడం నేర్చుకునేదాకా ఆ పిల్లకు కుట్టుపని, ఇంటిపని నేర్పకూడదు. ఆ కాలంలో! అక్కలారా, మన ఇళ్లల్లో ఇవాళ కూడా అన్న పుస్తకం పట్టుకుని కూర్చుంటే చెల్లెలు గిన్నెలు తోముతుంది. ఇంటి చదువు పేరుతో ఆడపిల్లను ఇంటిపనికి కట్టేస్తే దేవుడు లెక్క అడుగుతాడు.

ఆ ఉత్తరంలో నాకు ఒప్పుదల కాని సంగతీ ఉంది. పసిబిడ్డ పట్టుదలను ముందు విరిచేయాలి, ఏడాది నిండేసరికే బెత్తం భయం తెలియాలి అంటుంది. ఆ కాలం అలాంటిది. నేను దాన్ని అనుసరించమని చెప్పను. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని విద్యా హక్కు చట్టం పదిహేడో సెక్షన్ చెబుతోంది. బడిలో చెల్లని బెత్తం మన ఇంట్లో, బైబిల్ పక్కన, ఎలా చెల్లుతుంది? ఆమె నుంచి నేను తీసుకునేది ఇంకో నియమం. తప్పు చేసి నిజం ఒప్పుకున్న బిడ్డను ఆమె కొట్టనిచ్చేది కాదు. ఒకసారి తీరిన తప్పును మళ్లీ ఎత్తనిచ్చేది కాదు. అబద్ధం పుట్టేది భయంలోంచి అని ఆ తల్లికి తెలుసు.

ఇంకొకటి వినండి, ఇది మన దేశానికి సంబంధించింది. 1706లో తరంగంబాడికి, అంటే తమిళనాడు తీరానికి, డెన్మార్క్ రాజు పంపిన మిషనరీలు వచ్చారు. వాళ్ల వృత్తాంతం ఇంగ్లండులో అచ్చయింది. సుసన్నా దాన్ని చదివింది. అంత దూరం వెళ్లి వాళ్లు ఇంత చేస్తుంటే, నా ఇంట్లో ఉన్న ఆత్మల కోసం నేనేం చేస్తున్నాను అనుకుంది. అప్పటినుంచి రోజుకో బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని రాత్రిపూట మాట్లాడేది. గురువారం జాన్ వంతు, శనివారం అతని తమ్ముడు చార్లెస్ వంతు. జాన్ పెద్దయ్యాక కూడా ఆ గురువారాల్ని మర్చిపోలేదు. అదే తరంగంబాడి మిషన్ నుంచి షుల్ట్జ్ అనే ఆయన మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకుని బైబిల్‌ను తెలుగులోకి అనువదించాడు. మన తెలుగు బైబిల్ చరిత్ర మొదలయ్యేదీ, ఆ ఇంగ్లండు తల్లి ఒక్కో బిడ్డతో గడిపిన రాత్రులకు ప్రేరణ వచ్చిందీ ఒకే చోటు నుంచి. ఇది చదివినప్పుడు నేను దేవుణ్ని స్తుతించాను.

సరే, పొద్దున లేచి ఏం చేయాలి? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. టైంటేబుల్ గోడకు అంటిస్తారు, బెంచీ కొంటారు, నాలుగు సబ్జెక్టుల వర్క్‌బుక్‌లు కొంటారు. రెండు వారాల్లో తల్లీబిడ్డా ఇద్దరూ ఏడుస్తుంటారు. ఐదారేళ్ల బిడ్డకు రోజుకు గంటన్నర చాలు, అదీ ఒకేసారి కాదు. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు ఒక పాఠం. తర్వాత లేచి పరిగెత్తాలి. మిగతా రోజంతా ఆట, మట్టి, పని.

అన్నిటికంటే ముఖ్యమైంది చదివి వినిపించడం, విన్నది బిడ్డ చేత తిరిగి చెప్పించడం. ఈ పద్ధతిని షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు పంతులమ్మ బాగా వ్యాప్తి చేసింది. 1842లో పుట్టి 1923లో చనిపోయింది. ఆరేళ్లలోపు పిల్లలకు పాఠాలకంటే బయట గాలీ వెలుతురూ ముఖ్యం అని గట్టిగా నమ్మింది. నేను మా ఇంట్లో చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా చిన్నదానికి ఆరో ఏడు నడుస్తున్నప్పుడు ఒకరోజు లూకా పదిహేనో అధ్యాయం, తప్పిపోయిన గొర్రె కథ చదివాను. నెమ్మదిగా, ఒక్కసారే. రెండోసారి చదువుతారని తెలిస్తే పిల్లలు మొదటిసారి వినరు. బైబిల్ మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా" అన్నాను. "ఒకాయనకి వంద గొర్రెలు. ఒకటి పోయింది. వెతికాడు, వెతికాడు. దొరికింది. భుజం మీద ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చి అందర్నీ పిలిచాడు." ఆగింది. "అమ్మా, మిగతావాటి దగ్గర ఎవరున్నారు?" నేను జవాబు చెప్పలేదు, నువ్వేమనుకుంటున్నావని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అవి మంచివి, కదలవు" అంది. తర్వాత, "వంద అంటే ఎన్ని?" అంది. చింతపిక్కల డబ్బా తెచ్చి నేల మీద పోశాం. పదేసి పిక్కల కుప్పలు పది పెట్టింది. ఒక పిక్క తీసి కొంగులో దాచాను. "ఇప్పుడు ఎన్ని గొర్రెలు?" మొదటి కుప్ప నుంచి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగో కుప్ప దగ్గర వేలు ఆగింది. తలెత్తి కుప్పలన్నీ ఒకసారి చూసింది. తొమ్మిది నిండుగా ఉన్నాయి, ఒకదాంట్లో వెలితి. "తొంభై తొమ్మిది!" అని అరిచింది. పదుల స్థానం, ఒకట్ల స్థానం నేను చెప్పలేదు, దానికి కనబడింది. తర్వాత పలక మీద "గొర్రె" రాస్తానంది. ర కింద ర ఒత్తు ఎలా పెట్టాలో చూపించమంది. అరగంటలో వాక్యం, లెక్క, తెలుగు మూడూ అయ్యాయి. ఆ తర్వాత గంటసేపు దిండును భుజం మీద వేసుకుని ఇల్లంతా తిరిగింది.

తెలుగు చదవడం గురించి ఒక మాట. అక్షరమాల అంతా బట్టీ పట్టించి ఆ తర్వాత మాటల్లోకి వెళ్లక్కర్లేదు. తల, వల, పలక, పడవ. గుణింతం లేని ఇలాంటి చిన్న మాటలతో మొదలుపెట్టండి. పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి, తర్వాత పలకా బలపం. ఆ తర్వాత గుణింతాలు, చివర్న ఒత్తులు. ఒత్తులు వచ్చిన బిడ్డ తెలుగులో ఏదైనా చదివేస్తుంది, మన లిపిలో ఉన్న వరం అది. ఇంగ్లీషులో అలా కాదు, ఒకే అక్షరం పది రకాలుగా పలుకుతుంది, అందుకని దానికి ఎక్కువ కాలం పడుతుంది. ఇంగ్లీషు మాట్లాడటం, పాటలు, కథలు ఇప్పటినుంచే వినిపించండి. చదవడం మాత్రం ముందు తెలుగులో రానివ్వండి. ఒక భాషలో చదవడం పట్టుబడితే రెండో భాషలో తొందరగా వస్తుంది.

మన బైబిల్‌లో భాష పిల్లలకు కష్టం అంటారు కొందరు. "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అంటే నాలుగేళ్ల బిడ్డకు అర్థం కాదు, నిజమే. అర్థం చెప్పండి, పచ్చిక చూపించండి, కానీ మాటలు మాత్రం అవే నేర్పండి. ఇరవై మూడో కీర్తన కంఠతా వచ్చిన బిడ్డ నోటికి మంచి తెలుగు అలవాటవుతుంది. సండే స్కూల్లో బహుమతి కోసం కంఠత వాక్యం గబగబా అప్పజెప్పించి మర్నాటికి మర్చిపోనిచ్చే అలవాటు మాత్రం వదిలేద్దాం. నెలకు ఒక కీర్తన చాలు, రోజూ అన్నం ముందు కుటుంబమంతా కలిసి చెప్పండి.

ఫోన్ల సంగతి. బైబిల్ కథల కార్టూన్లే కదా అని గంటలకొద్దీ పెడుతున్నారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంకా తక్కువైతే ఇంకా మంచిదంది. నోవహు ఓడ కార్టూన్ అయినా అది తెరే. మీ గొంతుతో మీరు చెప్పే కథ ముందు అది ఏపాటిది?

అన్నయ్యలారా, ఇప్పుడు మీతో. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పిల్లల్ని పెంచండి అన్న మాట "తండ్రులారా" అని మొదలవుతుంది. మన ఇళ్లల్లో ఇంటి చదువు అనగానే అమ్మ ఒక్కతే మోయాల్సిన బరువు అయిపోతోంది. వంట, బట్టలు, అత్తమామల సేవ, చంటిబిడ్డ, వీటి మీద బడి కూడా. రెండో ఏడాదికి ఆమె కుంగిపోతుంది. మీరు ఉద్యోగం నుంచి వచ్చాక అరగంట ఇవ్వలేకపోతే, దయచేసి ఇంటి చదువు అనే మాట ఎత్తకండి. ఆ అరగంట మీరు చదివి వినిపించండి. ఆదివారం మధ్యాహ్నం బిడ్డను మార్కెట్‌కు తీసుకెళ్లి, కూరగాయల తూకం, చిల్లర లెక్క బిడ్డకు అప్పజెప్పండి. మగపిల్లలకు నాన్న బైబిల్ చదవడం కళ్లారా కనబడాలి.

ఎవరు మొదలుపెట్టకూడదో కూడా చెబుతాను. ఇంట్లో తాగుడు, కొట్లాటలు ఉంటే వద్దు. ఆ బిడ్డకు బడి ఒక ఆశ్రయం, దాన్ని తీసేయొద్దు. తల్లికి ప్రసవం తర్వాత మనసు బాగోలేకపోతే ముందు ఆమెకు వైద్యం, తర్వాత చదువు. బిడ్డకు మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా, చూపు తేడాగా ఉన్నా, ప్రార్థన చేయండి, డాక్టరుకూ చూపించండి. రెండూ చేయండి. ఇంట్లో ఉన్న పిల్లల్ని రోజూ చూసే టీచరు ఉండదు కాబట్టి ఆ తేడా కనిపెట్టాల్సింది మీరే. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూపించండి, టీకాలు ఒక్కటీ తప్పించకండి. మీ ఇంట్లోకి వచ్చి మీ బిడ్డతో మాట్లాడే పెద్దవాళ్లు, అమ్మమ్మ, పాస్టరుగారి అమ్మగారు, పక్కింటి ఆంటీ, ఎప్పుడూ ఉండేలా చూసుకోండి.

పిల్లలు నలుగురిలో కలవరేమో అంటారు. కలవకపోతే తప్పు ఇంటి చదువుది కాదు, తలుపు వేసుకున్న ఇంటిది. సాయంత్రం కాలనీ పిల్లలతో ఆడనివ్వండి. వాళ్లు హిందువులా, ముస్లిములా అని చూడకండి. సంక్రాంతికి పక్కింటివాళ్లు అరిసెలు ఇస్తే తీసుకోండి, క్రిస్మస్‌కు మీ కేకు ఇవ్వండి. యేసు జ్ఞానంలో, వయసులో, దేవుని దయలో, మనుషుల దయలో వర్ధిల్లాడని లూకా రాశాడు. మనుషుల దయ కూడా అందులో ఉంది.

ప్రశ్నలు ఉన్నాయని అమ్మగారు సైగ చేస్తున్నారు. అడగండి.

(ఒక సహోదరి: "అక్కా, మేమిద్దరం ఉద్యోగానికి వెళతాం. పాపను ఇంట్లో చదివించడం కుదరదు. అయితే మేం ఏమీ చేయలేమా?")

ఎందుకు చేయలేరమ్మా? ఉద్యోగం మానేయమని నేను ఎవరికీ చెప్పను, మీ అవసరాలు మీకు తెలుసు. పాపను మంచి బడికి పంపండి. రాత్రి పడుకునే ముందు పావుగంట, చదివి వినిపించడం, తిరిగి చెప్పించడం. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా పాపది. ఫోన్ పక్కన పెట్టి, మీరూ పాపా మాత్రమే. సుసన్నా అన్ని పనుల్లో చేసింది అదే కదా. ట్యూషన్ ఒకటి తగ్గిస్తే ఆ టైము దొరుకుతుంది. యూకేజీ పిల్లకు ట్యూషన్ ఎందుకసలు?

(ఇంకొక సహోదరి: "మా అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు. పిల్లాణ్ని బడికి పంపకపోతే నలుగురూ ఏమనుకుంటారని అంటున్నారు.")

అత్తయ్యగారితో వాదించకండి. ఆవిడ పలక పట్టుకోవడానికి ఎంత కష్టపడి ఉంటుందో, వాళ్ల అమ్మకు ఆ అవకాశమే లేదేమో, ఆలోచించండి. బడి అంటే ఆవిడకు గౌరవం, అది పోతుందని భయం. ఆవిడను పాఠంలో కలుపుకోండి. కథలు ఆవిణ్నే చెప్పమనండి, పాత కీర్తనలు బాబుకు నేర్పమనండి. తిమోతికి విశ్వాసం ముందు అతని అవ్వ లోయి దగ్గర, తర్వాత తల్లి యునీకే దగ్గర ఉందని పౌలు రాశాడు, అవ్వ పేరే ముందు రాశాడు. మూడు నెలలు చూడమని అడగండి. బాబు తెలుగు బైబిల్ కూడబలుక్కుని చదివి వినిపించిన రోజు ఆవిడే మీ తరఫున మాట్లాడతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే బడిలో చేర్పించండి. ఇంట్లో సమాధానం పోగొట్టుకుని చెప్పే చదువు వద్దు.

(ఒక సహోదరుడు: "ఏ తరగతి దాకా ఇంట్లో చెప్పొచ్చండి?")

అన్నయ్యా, నేను ఇవాళ మాట్లాడింది ఎనిమిదేళ్ల లోపు గురించే. ఆ తర్వాత ఒక్కో ఇంటికి ఒక్కో దారి. మా పిల్లలు కొంతకాలం ఇంట్లో చదివి బడికి వెళ్లారు, నాకు తెలిసిన ఒక కుటుంబం పదో తరగతి ఓపెన్ స్కూల్ దాకా ఇంట్లోనే చెప్పింది. ప్రతి ఏప్రిల్‌లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ ఏడాదికి ఆ ఏడాది నిర్ణయించుకోండి. బాబు ఏం నేర్చుకున్నాడో ఒక నోటుపుస్తకంలో తారీకులతో రాసి పెట్టండి, రాసిన పలకల ఫోటోలు తీసుకోండి. రేపు బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టరుగారు అడిగితే చూపించడానికి ఉంటుంది.

నేను పిల్లలకు చదివిన కథల పుస్తకాలు, మా పాత పలకలు, ఆ చింతపిక్కల డబ్బా వెనక బల్ల మీద పెట్టాను. టీ తాగుతూ చూడండి. మొదలుపెట్టాలనుకునే తల్లులు పేరు రాసి వెళితే, వచ్చే శనివారం సాయంత్రం మా ఇంట్లో పిల్లలతో సహా కలుద్దాం. తండ్రులు కూడా రావాలి.

వందనాలు.